విమానం ముక్కులో లస్కరు

అమ్మడూ, బ్యాటరీ తగిలించగానే నీ విమానం "టిట్ టిట్ టిట్" అని, కాస్త ఆగి "టీ..." అని పొడుగ్గా ఒక కూత కూసింది గదా, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూశావా? ఆ థర్మకోల్ ఒంట్లో స్పీకరు లేదు, బజరూ లేదు. కూసింది మోటారే. మోటారులో ఉన్న రాగితీగ చుట్లకి సెకనుకి వెయ్యిసార్లో, రెండువేలసార్లో చిన్నచిన్నగా కరెంటు తోపులు ఇస్తే, అది తిరగడానికి బలం చాలదు గానీ ఉన్నచోటే వణుకుతుంది. ఆ వణుకే మనకి కూతలా వినపడుతుంది. మూడు టిట్లంటే, "నీ బ్యాటరీలో మూడు సెల్లులున్నాయి, చూసుకున్నాను" అని చెప్పడం. చాలా రకాల్లో ఇదే పద్ధతి.

మోటారు చేత అలా కూయించినవాడు వేరే ఉన్నాడు. అగ్గిపెట్టెంత ఉంటాడు, ఒంటినిండా ప్లాస్టిక్ తొడుగు, ఒకపక్క రెండు వైర్లు, ఒకపక్క మూడు, మధ్యలోంచి సన్నటి తోకొకటి. మీ కాలేజీ పిల్లలు ఈఎస్‌సీ అంటారు, ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్. విమానం కట్టే పిల్లల్ని చూస్తున్నాను, రెక్కల వంపుకి రోజుల తరబడి కూచుంటారు, రంగులకీ స్టిక్కర్లకీ అంతకన్నా ఎక్కువ. వీణ్ణి మాత్రం ఆఖర్న ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కుక్కేసి పైన టేపు చుట్టేస్తారు. తీరా కాలిపోయేది ముందు వీడే. అందుకని ఇవాళ్టి కబుర్లన్నీ వీడి గురించే.

నువ్వు చేతిలో రిమోటు పుల్ల పైకి తోస్తే రిసీవరు వీడికి సెకనుకి యాభైసార్లు ఒక చిన్న సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నల్ ఎంతసేపు ఉందన్నదే ముఖ్యం. సెకనులో వెయ్యో వంతు ఉంటే "ఆగు" అని, వెయ్యింట రెండు వంతులుంటే "పూర్తిగా లాగు" అని అర్థం, మధ్యలో ఉన్నవన్నీ మధ్య వేగాలు. ఇంతవరకూ తేలికే. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది: సగం వేగం కావాలంటే కరెంటుని సగం చెయ్యడం ఎలా?

పాతకాలంలో దారిలో ఒక నిరోధకం పెట్టేవాళ్ళు. తీగచుట్ట మీద ఒక లోహపు నాలుక అటూ ఇటూ జరిగేది, దాన్ని సర్వో అనే చిన్న మోటారు జరిపేది. వేగం తగ్గేది నిజమే గానీ తగ్గించిన శక్తంతా ఆ చుట్టలో వేడిగా పోయేది. మనింట్లో పాత సీలింగ్ ఫ్యానుకి గోడమీద నల్లటి పెట్టెలాంటి రెగ్యులేటరు ఉండేదిగా, చెయ్యి పెడితే కాలేది, అదీ ఈ బాపతే. లెక్క చూడు. నీ మూడు సెల్లుల బ్యాటరీ 11.1 వోల్టులు. అందులో సగం, అయిదున్నర వోల్టులు, దారిలోనే తినేసి మోటారుకి 20 ఆంపియర్లు పంపాలంటే 110 వాట్ల వేడి పుడుతుంది. అగ్గిపెట్టెంత వస్తువులో 110 వాట్లంటే క్షణాల్లో పొగే.

డెల్టాలో పుట్టినదానివి కాబట్టి నీకు అసలు కిటుకు చెప్పడం సులువు. గోదావరిలో నీళ్ళు తక్కువగా ఉన్న ఏడాది దాళ్వాకి వంతులు పెడతారు తెలుసుగా. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవలో నీళ్ళు సగమే ఉన్నాయనుకో, ఆ సగాన్నీ రోజూ అన్ని బోదెల్లోకీ కొంచెం కొంచెం వదిలితే శివారు చేలకి చుక్క చేరదు. దారిలోనే ఇంకిపోతుంది. అందుకని ఏం చేస్తారు? కొన్ని రోజులు ఈ బోదెకి తూము పూర్తిగా ఎత్తుతారు, నీళ్ళు దండిగా వెళ్తాయి. తరవాత పూర్తిగా దించేస్తారు. చేనుకి చేరిన నీళ్ళు సగటున సగమే, కానీ పారినప్పుడల్లా నిండుగా పారాయి. ఆ తూముల దగ్గర కాపలా ఉండి ఎత్తడం దించడం చేసేవాడే లస్కరు. మన ఈఎస్‌సీ చేసేదీ అచ్చంగా వంతులవారీయే. కాకపోతే ఈ లస్కరు సెకనుకి ఎనిమిది వేలసార్లు, పదహారు వేలసార్లు తలుపు ఎత్తి దించుతాడు. సగం వేగం కావాలంటే సగంసేపు పూర్తిగా ఎత్తి, సగంసేపు పూర్తిగా దించుతాడు. పావు వేగమైతే పావుసేపే.

ఆ తలుపుల పేరు మాస్‌ఫెట్. పూర్తిగా తెరుచుకున్నప్పుడు దానిలో నిరోధం ఎంతో తెలుసా, ఓమ్‌లో వెయ్యో వంతులు. దారిలో రెండు తలుపులు, వైర్లు, అన్నీ కలిపి వెయ్యింట పది ఓమ్‌లు వేసుకో. 20 ఆంపియర్లు పారితే ఇరవై ఇరవైలు నాలుగొందలు, దాన్ని 0.01 పెట్టి గుణిస్తే 4 వాట్లు. ఇందాకటి 110 ఎక్కడ, ఈ 4 ఎక్కడ! పూర్తిగా మూసి ఉంటే కరెంటే లేదు గనక వేడీ లేదు. ప్రమాదమంతా సగం తెరిచి ఉన్న ఆ కాస్త క్షణంలోనే. తలుపు ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ ఆ సగం స్థితిలోంచి వెళ్ళక తప్పదు. ఎంత తొందరగా దాటితే అంత మంచిది, సెకనులో పది లక్షల వంతు కన్నా తక్కువలో దాటేస్తుంది. కానీ సెకనుకి వేలసార్లు దాటుతోంది కదా, ఆ చిల్లర వేడి పోగవుతుంది. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే ఈఎస్‌సీని ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నదంతా నీకే తడుతుంది.

ఇందులోంచే ఇంకోటీ వస్తుంది. పూర్తి థ్రాటిల్‌లో, అంటే పుల్ల పూర్తిగా పైకి తోసినప్పుడు, వంతులుండవు, తలుపు తెరిచే ఉంటుంది. సగం థ్రాటిల్‌లోనే వీడికి చాకిరీ. "నేను మెల్లగానే ఎగరేస్తా తాతయ్యా, చిన్న ఈఎస్‌సీ చాలు" అన్నావు చూడు మొన్న, ఆ బేరం కుదరదు. పెద్ద మోటారుకి చిన్న ఈఎస్‌సీ పెట్టి నెమ్మదిగా నడుపుతానంటే అది నెమ్మదిగా కాలుతుంది, అంతే తేడా.

ఇక మూడు వైర్ల సంగతి. మన బోరు మోటారుకి మూడు ఫేజులు వస్తాయి, ఏ రెండు వైర్లు మార్చినా మోటారు తిరగబడి తిరుగుతుందని మీ నాన్నకి తెలుసు, మోటారు వైండింగ్ షాపులో పనిచేసే కుర్రాడికీ తెలుసు. నీ విమానం మోటారూ మూడు వైర్లదే, ఇక్కడా ఆ సూత్రమే. ప్రొపెల్లరు గాలిని ముందుకి ఊదుతుంటే ఏ రెండు వైర్లయినా అటుదిటు మార్చు, సరిపోతుంది. బ్యాటరీ వైపు రెండు వైర్లు మాత్రం పొరపాటున కూడా అటుదిటు తగిలించకు. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. తిరగేసి తగిలిస్తే టప్‌మని ఒక చప్పుడు, కమురు కంపు, దాంతో సరి. క్షమించడాలుండవు.

బోరు మోటారుకి మూడు ఫేజులూ కరెంటాఫీసు వాళ్ళిస్తారు. ఇక్కడ బ్యాటరీ ఇచ్చేది ఒకేవైపు పారే కరెంటు. దాన్ని మూడు తీగల మధ్య వంతులేసి తిప్పడమే వీడి రెండో పని. ఏ క్షణంలోనైనా రెండు తీగల్లోనే కరెంటు పారుతుంది, మూడోది ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ తీగ ఊరికే ఉండదు. అయస్కాంతాలు దాని పక్కనుంచి వెళ్తుంటే దాంట్లో సన్నగా వోల్టేజీ పుడుతుంది. దాన్ని చూసి, అయస్కాంతం ఇప్పుడెక్కడుందో లెక్కగట్టి, తరవాతి వంతు ఎవరిదో తేలుస్తాడు. నీ మోటారు గిన్నె లోపల పధ్నాలుగు అయస్కాంతాలున్నాయి, లెక్కపెట్టి చూడు. అలాంటి మోటారు ఒక్క చుట్టు తిరిగితే వంతు నలభై రెండుసార్లు మారాలి. నిమిషానికి పదివేల చుట్లంటే సెకనుకి ఏడువేల మార్పిళ్ళు. మోటారు కదలకుండా ఉన్నప్పుడు ఆ మూడో తీగలో ఏమీ పుట్టదు గనక వీడు గుడ్డివాడే. అందుకే మొదట ప్రొపెల్లరు ఒకసారి అటూ ఇటూ తడబడి ఆ తరవాత అందుకుంటుంది. అది జబ్బు కాదు. తడబడుతూనే ఉండి అందుకోకపోతే మాత్రం మూడు తీగల్లో ఒకదాని టంకం ఊడిందేమో చూడు.

ఇలా బ్రష్షులు లేకుండా ట్రాన్సిస్టర్లతో వంతులు మార్చే మోటారు గురించి అమెరికాలో విల్సన్, ట్రికీ అని ఇద్దరు ఇంజనీర్లు 1962లోనే పత్రం రాశారు. అంతకు అయిదేళ్ళ ముందే, 1957 జూన్ 30న, ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ అనే పెద్దమనిషి రేడియోతో నడిచే కరెంటు విమానాన్ని ఎగరేశాడు. "రేడియో క్వీన్" దాని పేరు. వెండీ, జింకూ కలిపిన బ్యాటరీ పెట్టాడు. ఆ రోజుల్లో మామూలు జనం ఎగరేసినవి ఎక్కువగా నూనె ఇంజన్లే. ఈథరూ కిరసనాయిలూ ఆముదమూ కలిపి పోసేవాళ్ళు, అప్పటి ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కుర్రాళ్ళని అడిగితే ఆ ఆముదం వాసన గురించి కథలు చెబుతారు. లిథియం పాలిమర్ బ్యాటరీలూ, చౌక మాస్‌ఫెట్‌లూ వచ్చాక ఆ వాసన పోయింది, చేతులకి జిడ్డూ పోయింది.

సరే, ఎన్ని ఆంపియర్లది కొనాలి? దీన్ని మోటారు చెప్పదు, ప్రొపెల్లరు చెబుతుంది. నీ మోటారు మీద 1000 కేవీ అని రాసుంది కదా, ఒక వోల్టుకి వెయ్యి చుట్లని దానర్థం. ప్రొపెల్లరు లేకుండా 11.1 వోల్టులిస్తే నిమిషానికి పదకొండు వేల పైచిలుకు తిరుగుతుంది, కరెంటు ఒక ఆంపియరు కూడా లాగకపోవచ్చు. ప్రొపెల్లరు బిగించాకే అసలు భారం. ఒకే వేగంలో తిరిగితే, ప్రొపెల్లరు లాగే శక్తి దాని వ్యాసంతో పాటు కాదు, వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. తొమ్మిది అంగుళాలది తీసి పది అంగుళాలది పెడితే ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది. తొమ్మిదిని నాలుగుసార్లు వేసి గుణిస్తే 6,561, పదిని అలాగే గుణిస్తే 10,000. అంటే ఒకటిన్నర రెట్లు! అంగుళం తేడాతో ఈఎస్‌సీ కాల్చుకున్నవాళ్ళు ఊరికొకరుంటారు. అందుకని వాట్‌మీటరొకటి కొనుక్కో, ఖరీదు పెద్దదేం కాదు. బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య తగిలించి, విమానాన్ని గట్టిగా పట్టించి, నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీతో పూర్తి థ్రాటిల్ కొన్ని సెకన్లు మాత్రం ఇచ్చి అంకె చూడు. పదిహేను ఆంపియర్లు చూపిస్తే ఇరవైది చాలు, ఇరవై దాటితే ముప్ఫైది కొను. డబ్బా మీద రాసిన అంకె బాగా గాలి తగిలేటప్పటి మాట. మే నెలలో రాజమండ్రి ఎండకి ఆ అంకెలో నాలుగో వంతు కొట్టేసి చదువుకో.

ఇప్పుడు ముక్కులోకి వద్దాం. మోటారు ముందు, దాని వెనక ఈఎస్‌సీ, దాని వెనక బ్యాటరీ, ఇంకా వెనక రిసీవరు. ఇదీ వరస. రిసీవరునీ దాని యాంటెన్నానీ ఈఎస్‌సీకి ఎంత దూరంగా ఉంచితే అంత మంచిది, ఇంత కరెంటుని ఇన్నిసార్లు తెంపుతున్నవాడి పక్కన రేడియోకి గోల ఎక్కువ.

బ్యాటరీ మరీ వెనక్కి పోయిందనుకో, వైర్లు చాలవు. అప్పుడు పిల్లలు చేసే పని బ్యాటరీ వైపు వైరు అతికి పొడుగు చెయ్యడం. సులువనిపిస్తుంది, రెండే గదా అని. అదే వద్దనేది. కారణం చెబుతా విను. వైరులో పారే కరెంటుకి ఒక మొండితనం ఉంది, పారుతుండగా టక్కున ఆపితే ఆగదు, ఆ చివర వోల్టేజీని ఒక్క క్షణం ఎగదోస్తుంది. వైరు ఎంత పొడుగైతే ఆ మొండితనం అంత ఎక్కువ. ఇక్కడేమో సెకనుకి వేలసార్లు ఆపుతున్నాం. ఆ పోటుని మింగడానికే ఈఎస్‌సీకి బ్యాటరీ వైపు ఒకటో రెండో గొట్టాల్లాంటి కెపాసిటర్లుంటాయి, తొడుగు మీద ఉబ్బెత్తుగా కనపడతాయి చూడు. వైరు పొడుగు చేస్తే వాటికి తలకి మించిన పని. వేడెక్కి, ఉబ్బి, పగిలిపోతాయి, ఆ వెనకే మాస్‌ఫెట్‌లు పోతాయి. పొడుగు చెయ్యక తప్పకపోతే మోటారు వైపు మూడు వైర్లూ పొడుగు చెయ్యి, వాటిని జడలా అల్లేసెయ్యి. ఒక టంకం ఎక్కువ పడుతుంది, అంతే.

టంకం సంగతి వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. ఈ వైర్లు లావు, సిలికాన్ తొడుగువి. రేడియో బాగుచేసే సన్న టంకం కర్రతో వేడెక్కవు. పైన టంకం బొట్టు ముద్దలా నిలబడుతుంది, లోపల పట్టదు. చూడ్డానికి అతికినట్టే ఉండి, లాగితే ఊడొస్తుంది. అరవై వాట్ల కర్ర తెచ్చుకో. ముందు వైరు కొసకి టంకం తాగించు, తరవాత కనెక్టరు గిన్నెలో కొంచెం కరిగించు, అప్పుడు రెండూ కలిపి, కదపకుండా చల్లారనీ. టంకం మెరుస్తూ వైరు పోగుల్లోకి జారిపోయి ఉంటే సరే. ముడుచుకునే తొడుగు ముక్కని వైరులోకి ముందే ఎక్కించడం మర్చిపోకు, అతికాక గుర్తొస్తే మళ్ళీ విప్పుకోవాలి. బ్యాటరీ వైపు ఎప్పుడూ లోహం బయటికి కనపడని కనెక్టరే ఉండాలి. లిథియం బ్యాటరీ కొసలు రెండూ ఒకదానికొకటి తగిలితే ఆ మంటని ఆర్పడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు.

ఇక ఆ సన్నటి తోక. రిసీవరులోకి వెళ్ళే మూడు పోగుల వైరు. ఒకటి సిగ్నల్, ఒకటి నలుపు, మధ్యది ఎరుపు. ఆ ఎరుపు నుంచి రిసీవరుకీ సర్వోలకీ 5 వోల్టులు వెళ్తాయి. అంటే వేరే బ్యాటరీ అక్కర్లేకుండా ఈఎస్‌సీయే వాటిని పోషిస్తోంది. దీన్ని బీఈసీ అంటారు. చౌక రకాల్లో ఇది లీనియర్, అంటే మళ్ళీ మన పాత ఫ్యాను రెగ్యులేటరు పద్ధతే. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు, కావలసింది 5, మిగతా 7.6 వోల్టులూ వేడి చేసి పారేస్తుంది. సర్వోలన్నీ కలిసి ఒక ఆంపియరు లాగితే 7.6 వాట్లు. ఇందాక మోటారుకి 20 ఆంపియర్లు పంపితే పుట్టిన వేడెంత? 4 వాట్లు. చూశావా, రెక్క చివర ఇంతేసి సర్వోలని కదపడానికి మోటారుకన్నా ఎక్కువ వేడి! అందుకే మూడు సెల్లుల మీద లీనియర్ రకానికి మూడో నాలుగో చిన్న సర్వోలకి మించి తగిలించొద్దంటారు. అంతకు మించితే స్విచింగ్ రకం బీఈసీ ఉన్న ఈఎస్‌సీ తీసుకో. అది వంతుల పద్ధతే. వేరుగా ఒక బీఈసీ పెట్టుకుంటే మాత్రం ఈఎస్‌సీ తోకలో మధ్య ఎరుపు పిన్ను ఊడదీసెయ్యాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. కొయ్యక్కర్లేదు. మీ మామ్మ కుట్టుసూది అడిగి తెచ్చి ప్లాస్టిక్ నాలుకని కాస్త లేపి లాగితే పిన్ను వచ్చేస్తుంది. దానికి టేపు చుట్టి వెనక్కి మడిచెయ్యి.

ఈ బీఈసీ వేడికి చచ్చిందంటే ఆగేది మోటారొక్కటే కాదు, రిసీవరూ సర్వోలూ అన్నీ. గాల్లో ఉన్న విమానం ఇక నీది కాదు. గాలి తగలనివ్వమని నేను ఇంతలా గొంతు చించుకునేది అందుకే. ముక్కు కింద ఒక కన్నం కొయ్యి, గాలి దూరడానికి. వెనక, రెక్క దాటాక, ఇంకో కన్నం, గాలి పోవడానికి. వెనకది ముందుదానికన్నా పెద్దది ఉండాలి, ఎందుకంటే లోపలికొచ్చిన గాలి వేడెక్కి ఉబ్బుతుంది, బయటికి దారి లేకపోతే ముందు కన్నం ఎంత కోసినా లోపలికి రాదు. ఈఎస్‌సీకి ఒకపక్క అల్యూమినియం రేకు ఉంటుంది, ఆ పక్క గాలికి ఎదురుగా ఉంచు. స్పాంజిలో చుట్టకు. గ్లూ గన్‌తో అతికించకు. గోడకి వెల్క్రో ముక్కొకటి, ఈఎస్‌సీ వెనక ఒకటి, చాలు. మనకి ఎండతో పాటు ఉక్కపోత, ఉప్పాడ, అంతర్వేది వైపు వెళ్తే ఉప్పుగాలి. ఆర్నెల్లకోసారి తొడుగు కొస చూస్తుండు, కనెక్టర్ల మీద పచ్చగా చిలుమొస్తే మార్చెయ్యి.

ఇక మొదటిసారి కరెంటివ్వడం. ప్రొపెల్లరు ఊడదియ్యి. మళ్ళీ చెబుతున్నాను, ప్రొపెల్లరు ఊడదియ్యి. పది అంగుళాల ప్రొపెల్లరు వేళ్ళు చూసుకోదు. ముందు రిమోటు వెయ్యి, పుల్ల పూర్తిగా పైకి పెట్టు, అప్పుడు బ్యాటరీ తగిలించు. టక్కుమని చిన్న మెరుపు మెరుస్తుంది, కెపాసిటర్లు నిండడం అది, బెదిరిపోకు. రెండు టిట్లు వినపడగానే పుల్ల కిందికి లాగు. ఇంకో కూత వస్తే, నీ పుల్లకి పై కొసా కింది కొసా ఎక్కడున్నాయో వాడు నేర్చుకున్నట్టు. కంపెనీకొక తీరు, డబ్బాలో కాగితం చదువు. ఆ తరవాత బ్యాటరీ రకం లిథియం అని పెట్టు. ఒక్కో సెల్లు మూడు, మూడుం పావు వోల్టుల దాకా పడిపోయేసరికి మోటారు ఆపేస్తుంది, రిసీవరుకి మాత్రం కరెంటు ఆపదు, అంటే ఇంజను లేకుండా జారుతూ దించుకోవచ్చు. బ్రేకు తీసెయ్యి, అది ముడుచుకునే ప్రొపెల్లరున్న గ్లైడర్లకి. ఆఖర్న, మోటారు తిరుగుతుండగా రిమోటు ఆపెయ్యి. మోటారూ ఆగిపోవాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ పెట్టలేదని అర్థం, అది పెట్టందే గుమ్మం దాటకు.

మన పొలాల మీద మందు కొట్టే డ్రోన్లలోనూ వీళ్ళే ఉన్నారు, మోటారుకొకడు చొప్పున. 2023 నవంబరులో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకానికి ఆమోదం ఇచ్చింది, పదిహేను వేల మహిళా సంఘాలకి డ్రోన్లిస్తామని. విజయవాడ పున్నమి ఘాటు దగ్గర 2024 అక్టోబరు 22 రాత్రి 5,500 డ్రోన్లు ప్రదర్శనగా ఒకేసారి ఎగిరాయి. ఒక్కోదానికి నాలుగు మోటార్లే లెక్కేసుకున్నా ఇరవై రెండు వేల ఈఎస్‌సీలు ఆకాశంలో! కానీ డ్రోన్ లస్కరుకీ విమానం లస్కరుకీ స్వభావం వేరు. విమానంలో వీడు పడుకుంటే రెక్కలున్నాయి, జారుతూ దిగొచ్చు. నాలుగు మోటార్ల డ్రోన్లో ఒక్కడు పడుకుంటే పల్టీ కొట్టి చేలో పడుతుంది. అందుకని అక్కడ బ్యాటరీ తగ్గిందని మోటారు ఆపేసే అలవాటుని తీసేస్తారు, ఆ లెక్క పైనున్న ఫ్లైట్ కంట్రోలరు చూసుకుని ముందే వెనక్కి తెస్తుంది. సిగ్నల్ కూడా సెకనుకి యాభైసార్లు చాలదు, నాలుగొందలసార్లో ఇంకా ఎక్కువో కావాలి. మందు తుంపర లోపలికి పోకుండా తొడుగుకి సీలు వేస్తారు. విమానంది తీసి డ్రోనుకి, డ్రోనుది తీసి విమానానికి పెడదామనే పొదుపు ఆలోచన నీకు వస్తుందని నాకు తెలుసు, అందుకే ముందే చెప్పాను.

ఎగరెయ్యడానికి కోనసీమ పనికిరాదు, ఎటు చూసినా కొబ్బరిచెట్లే. కొబ్బరాకుల్లో చిక్కుకున్న విమానాన్ని దింపడానికి దింపుడు మనిషిని పిలవాలి, ఆయన కాయలకే తీరిక లేకుండా ఉంటాడు. కోతలైపోయిన చేలు మంచివి, మోడు కాస్త గీరుకుంటుందంతే. రెండు కిలోల లోపు, సరదాకి ఎగరేసేదానికి 2021 డ్రోన్ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, కానీ మధురపూడి విమానాశ్రయం ప్రహరీ నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు. డిజిటల్ స్కై మ్యాపు తీసి చూసుకుని వెళ్ళు.

మొదటిసారి మూడు నిమిషాలకే దించెయ్యి. దించగానే బ్యాటరీ ఊడదీసి, ఈఎస్‌సీ రేకు మీద వేలు పెట్టు. అయిదు సెకన్లు ఆనించి ఉంచగలిగితే రెండోసారి ఆరు నిమిషాలు ఎగరెయ్యొచ్చు. వేలు చురుక్కుమంటే ముందు వెనక కన్నం పెద్దది చేసి చూడు. అప్పటికీ కాలితే ప్రొపెల్లరు ఒక అంగుళం తగ్గించు. అదీ పనిచెయ్యకపోతే అప్పుడు అడుగు, ముప్ఫై ఆంపియర్లది నేనే కొనిపెడతా.